రోజూ ఒక్కపొద్దే

నాకు చిన్నప్పటి నుంచీ నోటి దురుసు. మాట కడుపులో దాచుకోవడం చేతకాదు. కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడడం గొప్ప గుణమనే అనుకునేదాన్ని. పెళ్ళయి నల్గొండకు కాపురానికి వచ్చాక కూడా చాలాకాలం ఆ భ్రమ పోలేదు.

పంతొమ్మిదివందల అరవైలు ముగుస్తున్న రోజులు. మా అత్తమ్మకు కడుపులో గడ్డకు ఆపరేషన్ చేస్తే, దవాఖానలో ఆడవాళ్ళ వార్డులో ఇరవై రోజులు ఆమె దగ్గరే ఉన్నాను. పక్క మంచం మీద ఒక అవ్వ ఉండేది. కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. కొడుకు బండిలో తెచ్చి చేర్పించాడు. తను కూలికి పోకపోతే పిల్లలు పస్తులుంటారు, అందుకని వారానికొకసారి మాత్రం వచ్చి చూసిపోయేవాడు. వాళ్ళది కృష్ణ ఒడ్డున ఊరనీ, ఆనకట్ట కట్టాక అది నీళ్ళలో మునిగిపోయిందనీ, సర్కారు వేరేచోట జాగా ఇచ్చిందనీ అతనే చెప్పాడు.

అవ్వకు మతి నిలవదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. కొడుకు వస్తే "ఎవరి పిలగాడవయ్యా" అని మర్యాదగా అడిగేది. ఇప్పుడు దానికి ఏదో రోగం పేరుందట. అప్పుడు మేము ముసలితనం అని ఊరుకునేవాళ్ళం.

అత్తమ్మను ఇంటికి పంపే రోజు నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఆమె గుంటూరు వైపు మనిషి. "నువ్వెళ్ళిపోతే ఆ పక్క మంచం అవ్వకి ఎవరున్నారమ్మా? వార్డంతా నేనొక్కదాన్నే చూసుకోవాలి. పూటకి కాసేపు వచ్చి కూర్చోకూడదూ?" అంది. సరేనన్నాను. ఇంట్లో వంట ముగించుకుని రోజూ పోయేదాన్ని. మా ఆయన "ఏందే, దవాఖానల నౌకరి దొరికిందా? జీతం నాకు చెప్పకుంట దాస్తున్నవా?" అని ఏడిపించేవాడు. అత్తమ్మే నా తరఫున మాట్లాడేది. "పోనియ్యిరా, ముసలిదానికి జర తోడు" అనేది.

తోడంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడమే అనుకున్నాను. అసలు కష్టం వేరే ఉంది. అవ్వ ఉన్నట్టుండి తినడం మానేసింది. పాలు, జావ, డబుల్ రొట్టె, ఏది నోటి దగ్గరికి తెచ్చినా చెయ్యి అడ్డం పెట్టేది.

"ఒక్కపొద్దున్న బిడ్డా. పోచమ్మకు బోనమెక్కినంక తింట."

ఊరి దేవతకు కొత్త కుండలో అన్నం వండి, తల మీద మోసుకుపోయి సమర్పించేదాకా, వండిన ఆడమనిషి మెతుకు ముట్టదు. మావైపు అందరూ పాటించేదే. ఏడాదిలో ఒక పూట ఉండే ఒక్కపొద్దు అది. ఈమెకు మాత్రం ఏ రోజు తెల్లవారినా బోనాల రోజే. ఇలా తినకపోతే ఎముక అతికేదాకా ప్రాణం నిలవదని డాక్టరు తేల్చి చెప్పాడు.

బతిమాలాను. కసిరాను. "బోనాలు ఎన్నడో అయిపోయినై అవ్వా, గిది మాఘమాసం" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి "ఏ ఊరి పిల్లవే నువ్వు? గింత గూడ తెల్వకుండ పెంచిండ్రా మీవోళ్ళు?" అంది. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండింది.

మూడో రోజు ఇంటి నుంచి ఒక చిన్న మట్టికుండ, గురిగి, తీసుకెళ్ళాను. సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, లోపల పిడికెడు పసుపన్నం వేసి, చుట్టూ వేపమండలు కట్టాను. మీద ప్రమిద పెట్టి వెలిగించాను. అవ్వ గురిగిని తడిమి చూసింది. వేపమండలు సరిగ్గా కట్టలేదని నన్ను తిట్టి, తనే విప్పి మళ్ళీ కట్టింది. "దీపం కొండెక్కనియ్యకు, పైలం" అంటూ నా చేతుల్లో పెట్టింది. నేను తలకెత్తుకుని వార్డు దాటి, గేటు పక్కన వేపచెట్టు మొదట్లో దించి, అమ్మవారికి సాకగా నీళ్ళు ధారపోసి వచ్చాను.

"ఎక్కిందా బిడ్డా?"

"ఎక్కిందవ్వా."

"తల్లి సల్లగున్నదా?"

"సల్లగున్నది."

అప్పుడు నోరు తెరిచింది. గిన్నెడు జావ తాగి ఇంకొంచెం అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

ఇక అదే రోజూ పని. పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చుని గురిగికి దండం పెట్టేవాళ్ళు. నేనెవరో అవ్వకు ఏ పొద్దునా తెలియదు. అయినా చెట్టు దగ్గర నుంచి వచ్చి నేను ఎక్కిందంటే ఎక్కిందనే. మారు మాట లేదు. పన్నెండు రోజుల్లో బుగ్గలకు కాస్త కండ వచ్చింది. డాక్టరు నన్ను చూసి తల ఊపిపోయేవాడు. గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి.

పదమూడో రోజు ఇంట్లో అత్తమ్మకు జ్వరం. మా ఆయనతో పొద్దున్నే ఏదో మాటామాటా పెరిగింది. గురిగి సర్దే ఓపిక లేక వట్టి చేతులతో వెళ్ళాను. వచ్చేటప్పుడే బోనం ఎక్కించి వచ్చానన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. తను చూడకుండా, తన చెయ్యి పడకుండా ఎట్లా ఎక్కుతుందంది. గురిగేదంది. నేను కూర్చునేలోపే అయిదారుసార్లు అడిగింది. జావ గిన్నె తోసేసింది. అది నా చీర మీద ఒలికింది.

"యాడి పోచమ్మ అవ్వా! నీ ఊరు మునిగింది, నీ పోచమ్మ గూడ మునిగింది. కృష్ణల కలిసింది. ఇగ ఎవరికెక్కిస్తవ్ బోనం?"

"మునిగిందా?" అంది అవ్వ. నేను చీర తుడుచుకుంటున్నాను. ఏడవలేదామె. దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

రేపటికి మరిచిపోతుందిలే, ఏది గుర్తుంది గనుక అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు తెల్లవారగానే గురిగి సింగారించి తీసుకెళ్ళాను. దాన్ని చూసి "వద్దు బిడ్డా, దించు" అంది. ఒక్కపొద్దు మాట ఎత్తలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. పాలు పోస్తే పెదవుల చివరి నుంచి కారిపోయాయి. ఆ మర్నాడూ అంతే.

అయిదో రోజు కొడుకు వచ్చాడు. వరండాలో నిలబెట్టి, బోనం సంగతి, నేనన్న మాట, అంతా చెప్పాను. తిడితే బాగుండుననుకున్నాను. అతను తువ్వాలతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు.

"పోచమ్మ మునుగలేదమ్మా. నీళ్ళు రాకముందే తల్లిని బండి మీద తెచ్చుకున్నం. కొత్తూర్ల నిలబెట్టినం. అందరికంటె ముంగల బోనమెత్తింది మా అమ్మనే."

ఇన్నిరోజులూ నిజమే కదా చెప్పానని లోపల్లోపల గింజుకుంటున్నాను. ఆ మాత్రం నిజం కూడా నా మాటలో లేదు. అతన్ని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. అడగాలని తోచలేదు.

లోపలికి పరుగెత్తాను. అవ్వ చెవి దగ్గర వంగి చెప్పాను. "అవ్వా, పోచమ్మ మునుగలే. మీ కొత్తూర్ల ఉన్నది. సల్లగున్నది. ఇగో, నీ కొడుకే చెప్తున్నడు." కొడుకూ చెప్పాడు. అతన్ని గుర్తుపట్టలేదు. జావ చెంచా పెదవులకు ఆనించి మళ్ళీ చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. చిన్నపిల్లను ఓదార్చినట్టు నిమిరింది.

"మునిగింది బిడ్డా. నువ్వే చెప్తివి గద."

మూడో నాటికి పోయింది.