లాస్య చేసిన మట్టి ఎద్దు

నాలుగేళ్లు నిండినా మా మనవరాలు లాస్య వట్టి కాళ్లతో నేల మీద నిలబడి ఎరగదు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మాది రెండో అంతస్తు, కింద అంతా సిమెంటు. చేతికి ఇంత పప్పు అంటితే చాలు, "అమ్మమ్మా, తుడువు!" అని వేళ్లు విడదీసి చాపుతుంది. దాని తప్పేం లేదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులకు జబ్బు చేసి, చావు తప్పి ఆసుపత్రి నుంచి బయటపడింది. అప్పటి నుంచి నా కూతురు స్వప్నకు మట్టంటే భయం, వానంటే భయం, గాలన్నా భయమే. పిల్ల ఇప్పుడు బాగానే ఉంది, ఆడుకోనివ్వండని డాక్టరే చెప్పాడు. వింటేగా!

అందుకే ఎడ్ల పండుగ పొలాల అమావాస్యకు కోటగిరిలో మా అక్క సాయవ్వ ఇంటికి పిల్లను తీసుకెళ్తానని పట్టుబట్టాను. బతిమాలగా బతిమాలగా స్వప్న ఒప్పుకుంది. సంచి తనే సర్దింది: తడి రుమాళ్ల ప్యాకెట్టు, సాక్సుల జతలు, కాచి చల్లార్చిన నీళ్లు. "పిల్లకు మట్టి అంటిందనుకో, మల్ల నీతోని ఎక్కడికీ పంపనమ్మా" అంది. తమాషాకు అన్న మాట కాదది.

ఉదయం ఎనిమిదిన్నరకు బోధన్ బస్సు ఎక్కాం. ఆడవాళ్లు ఆధార్ కార్డు మరిచిపోకండి, అది చూపిస్తేనే ఛార్జీ లేని జీరో టికెట్టు. పిల్లలుంటే కిటికీ పక్క సీటు పట్టుకోండి, ఎడపల్లి దాటాక కళ్లకు పండుగే. ఒకప్పుడు ఇటంతా చెరుకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇప్పుడు ఎటు చూసినా వరే, చెరుకు అక్కడక్కడ. పక్క సీటులో ఒక పెద్దాయన, ఎడ్ల మెడలో కట్టే కొత్త గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లాస్య సాక్సులు చూసి, "ఏం బిడ్డా, కాళ్లకు దెబ్బ తాకిందా?" అని అడిగాడు.

"లేదు తాతా, మట్టి అంటుతది" అంది లాస్య.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

బోధన్‌లో అరగంట ఆగాలి. బస్టాండు బయట వేడివేడి మిర్చీలు, చాయ్ బాగుంటాయి. బజారులో తెలుగెంతో మరాఠీ అంత వినిపిస్తుంది, సరిహద్దు అవతలి నుంచి కూడా పండుగ సామానుకు వస్తారు. అక్కడే రంగులేసిన బొమ్మ ఎడ్ల జత కొన్నాను. అక్కావాళ్లు ఎడ్లను అమ్మేసి ట్రాక్టరు పెట్టుకున్నారు. ఎడ్లు లేని ఇంట్లో ఈ పండుగకు మట్టితో ఎడ్ల జత చేసి పూజిస్తారు. పిల్లను ఆడనిద్దామనే బయల్దేరాను గానీ, స్వప్న మాట చెవిలో మోగుతూనే ఉంది. బొమ్మలుంటే మట్టి పిసికే పనే ఉండదు కదా అని నా తెలివి!

పదకొండు దాటాక కోటగిరిలో దిగాం. అక్క ఆ బొమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొన్న ఎడ్లకు పూజ ఎట్ల జేస్తరే? ఇంటి పిల్లలు చేతులతోని జేసినయే కావాలె. పట్నంల ఉండి తెలివి, అకలు అన్నీ అమ్ముకున్నవా?" అని కసిరింది. "నా మనవలు ఈసారి రాలే. గీ పిల్లనే జేస్తది."

బొమ్మలు టీవీ పక్కకు చేరాయి.

భక్ష్యాలతో భోజనం అయ్యాక, కాలువ గట్టు నుంచి తెచ్చిన నల్లమట్టి ముద్దను అక్క వాకిట్లో పెట్టింది. పక్కింటి ఆరేళ్ల రూతు పరిగెత్తుకొచ్చింది. వాళ్లు మెథడిస్టు చర్చికి వెళ్లేవాళ్లు.

"నువ్వేందే, నీకు పూజ ఉన్నదా?" అని అక్క ఆట పట్టించింది.

"పూజ మీది అవ్వా, మట్టి నాది!" అంటూ రూతు రెండు చేతులూ మోచేతుల దాకా మట్టిలో దించేసింది.

లాస్య పంచలో మంచం మీంచి కదల్లేదు. "అమ్మమ్మా, వీళ్లింట్ల సబ్బు ఉన్నదా?" అని నా చెవిలో అడిగింది.

రూతు ఒక ఎద్దును చేసి వాకిట్లో ఆరబెట్టి, నీళ్లు తాగి వస్తానని ఇంటికి వెళ్లింది. అంతలో వాన దిగింది. ఎద్దు కాళ్లు మెత్తబడి పక్కకు ఒరగసాగింది. "అమ్మమ్మా, ఎద్దు పడిపోతుంది!" అని లాస్య అరిచింది. నేను లేచేలోగా మంచం దూకి, సాక్సులతోనే బురదలోకి ఉరికింది. ఎద్దును అందుకుంది, జారింది, చతికిలబడింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక రాగం తీస్తుందనుకున్నాను. ఎద్దు ఒళ్లో ఉంది, బురద ముక్కు మీద ఉంది. చేతులు తిప్పి చూసుకుంది. తడిసిన సాక్సుల్ని లాగి అవతల పారేసింది. కాలి వేళ్లు బురదలో గుచ్చి, తీసి, మళ్లీ గుచ్చి, "సల్లగున్నది!" అని కేక పెట్టింది.

సరిగ్గా అప్పుడే స్వప్న వీడియో కాల్. ఫోన్ కొంగు కింద దాచబోయాను.

"దాస్తే దాగుతదా? సూపియ్యి" అంది అక్క.

ఫోన్ వాకిట్లోకి తిప్పాను. స్వప్న తెరకు మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"ఏడుస్తలేదా?"

"లేదు బిడ్డా, నవ్వుతున్నది."

"దగ్గు?"

"లేదు."

"వేడినీళ్లతోని తానం పొయ్యి" అని పెట్టేసింది. అది కోపమో కాదో అంతు పట్టలేదు.

వాన వెలిశాక రూతు తిరిగొచ్చింది, పిల్లలిద్దరూ కలిసి జత పూర్తి చేశారు. లాస్య చేసిన ఎద్దుకు ఒక కొమ్ము చిన్నది, ఒకటి మరీ పెద్దది, పొట్ట నేలకు ఆనింది. సాయంత్రం అక్క వాటికే బొట్టు పెట్టి, మూతులకు భక్ష్యం ముక్క అందించింది. పనిలో పనిగా ట్రాక్టరుకూ ఓ బొట్టు పెట్టింది. తెల్లారి లేవగానే లాస్య నుదురు తడిమాను. చల్లగానే ఉంది. అమ్మయ్య!

తిరుగు ప్రయాణంలో ఎద్దు పాత చీర ముక్కలో లాస్య ఒళ్లోనే ఉంది. ఎడపల్లి దగ్గర గుంతలో బస్సు ఎగిరిపడితే పెద్ద కొమ్ము కాస్తా విరిగింది. ఇక చూడాలి! "మట్టి కావాలె, అతికిస్త" అని ఒకటే ఏడుపు.

"బస్సుల మట్టి యాడికెల్లి తేవాలె బిడ్డా?" అని కండక్టరమ్మ నవ్వింది.

బస్టాండుకు స్వప్న స్కూటీ తెచ్చింది. పిల్ల ఛాతీకి చెవి ఆనించి విన్నది. చేతులు తిప్పి చూసింది. గోళ్లలో ఇంకా నల్లమట్టి ఉంది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"అమ్మా, కొమ్ము ఇరిగింది. మట్టి యాడుంటది?" అంది లాస్య.

స్వప్న చుట్టూ చూసింది. ఎటు చూసినా తారు, సిమెంటే. మమ్మల్ని బండెక్కించుకుని ఇంటికి తెచ్చింది.

కోటగిరి వెళ్లేవాళ్లు పిల్లలకు పాత బట్టలు పెట్టుకోండి, సాక్సులు అక్కర్లేదు. మా తడి రుమాళ్ల ప్యాకెట్టు సీలు తీయకుండానే తిరిగొచ్చింది. నేను సంచి దించేలోగా స్వప్న బాల్కనీలో మనీప్లాంటు కుండీ ముందు కూర్చుని, రెండు వేళ్లతో చిటికెడు మట్టి తీస్తోంది.

"అట్ల కాదమ్మా" అని లాస్య తల్లి చెయ్యి పట్టుకుని, మణికట్టు దాకా కుండీలోకి దించింది. "గట్టిగ పిసుకు. ఏం కాదు."