గడప పక్క ఎర్రమరక

భీమన్నకు తాపీపని నేర్పింది తండ్రే. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో దర్వాజ నిలబెడితే, గడపకు పసుపు పెట్టందే ఆ పెద్దాయన మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఒమన్ వచ్చినా భీమన్న చేతిని ఆ అలవాటు వదల్లేదు. కానీ అతను పనిచేసే అల్ హైల్‌లో కట్టేవన్నీ ఫ్లాట్లు, వాటికి ఇనుప చట్రాలు. ఇనుముకు ఎవడు బొట్టు పెడతాడు?

నిరుడు వాళ్ల కంపెనీకి నిజ్వాలో ఓ పాత మట్టి ఇంటి రిపేరు తగిలింది. ఖర్జూరపు దూలాలు, చెక్కడపు తలుపు, సున్నపు గోడలు ఉన్న ఆ ఇంటిని మ్యూజియం చేస్తారట. తలుపు చట్రం నిలబెట్టిన పొద్దున భీమన్న వంట డబ్బాలోంచి పసుపు తీసి, తడిపి, గడప పక్క గోడకు వేళ్లతో అద్దేశాడు. గోడ మీద సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో పారాణి పెట్టుకున్న ఏ పెళ్లికూతుర్నడిగినా చెబుతుంది. మరక చూస్తుండగానే ఎర్రబడి కిందికి కారింది.

తుడుద్దామనుకున్నాడు. పెట్టిన బొట్టు చెరపడానికి చెయ్యి రాలేదు. ఇంతలో ఫోర్‌మన్ వచ్చి బండెక్కమన్నాడు. మర్నాటి నుంచి డ్యూటీ ఎక్కడో దూరాన ఖబూరాలో పడింది.

అప్పట్నుంచి మొదలైంది భయం. తురకల ఇంటికి పసుపు పూశావని ఎవరైనా పేచీ పెడితే వీసా క్యాన్సిలే అనుకున్నాడు. ఆఫీసు నుంచి ఎవరికి ఫోనొచ్చినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. చివరికి భార్య గౌరవ్వకు ఫోన్లో చెప్పేశాడు.

"గిట్ల బుగులు వడుకుంట ఛుట్టీకి రాకు," అందామె. "పోయి కడిగి రా. తప్పు నీదైతే నీళ్లు నువ్వే వట్టుకపో."

శుక్రవారం రూమ్‌మేట్ సర్దార్ బండిలో ఇద్దరూ నిజ్వాకు బయలుదేరారు. సర్దార్‌ది కడప, ఇక్కడ డ్రైవరు, అరబ్బీ బాగా వచ్చు. భీమన్న జేబులో తడిగుడ్డ ఉంది.

మరక అక్కడే ఉంది. ముదిరి గోధుమరంగుకు తిరిగింది. వాకిట్లో ఎవరూ లేరనుకుని భీమన్న వంగి గుడ్డ ఆనించాడో లేదో, లోపలి నుంచి ఒక ముసలమ్మ గబగబా వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. ఆమె పేరు రుఖయ్యా. ఆ ఇంట్లోనే పుట్టింది. ఇప్పుడు వచ్చినవాళ్లకు ఇల్లు చూపిస్తోంది.

"చెప్పు సర్దారూ," అన్నాడు భీమన్న. "నేనే పసుపు వెట్టిన అని చెప్పు. మా దిక్కు గట్లనే వెడతరు, ఇంటికి మంచిగ కావాలని. చెడుకు కాదు."

సర్దార్ చెప్పాడు. ఆమె భీమన్న ముఖంలోకి చూసింది. ఆ తర్వాత అతని అరచెయ్యి తిప్పి, ఒక్కో వేలూ వెలుతురుకు పట్టి చూసింది. సర్దార్ వైపు తిరిగి ఏదో అంది.

సర్దార్ నవ్వాలో వద్దో తెలియక తల గోక్కున్నాడు. "భీమన్నా, ఈ ముసలి ఖాలా దాన్ని ఇన్నాళ్లూ నెత్తురనుకుండాది. తలుపు నిలబెట్టేటప్పుడు మేస్త్రీ చెయ్యి తెగి, పడిపోకుండా గోడ పట్టుకున్యాడు అనుకుండాదంట. ఇంజనీరు సున్నం కొట్టిస్తానంటే ఒప్పుకోలేదంట. పొద్దు పొద్దూ ఆ మేస్త్రీ చెయ్యి బాగుండాలని దువా చేస్తాండాదంట."

భీమన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిగా తాను ఎవరికి భయపడి తిండి సహించక తిరిగాడో, ఆమె అదే ఏడాది తన చేతి కోసం దేవుణ్ణి అడుగుతూ ఉంది.

"ఇప్పుడన్న తుడువుమంటదా, అడుగు."

రుఖయ్యా చెయ్యి అడ్డంగా ఊపింది. సర్దార్ ఆమె మాట తెలుగులోకి మార్చాడు: "నెత్తురు అనుకున్యప్పుడే తుడవనియ్యలేదంట. మా ఇంటి మంచికి పెట్టినాడని తెలిసినాక ఎట్ల తుడవనిస్తా అంటాండాది."

ఆమె కహ్వా కాఫీ పోస్తానని లోపలికి పిలిచింది. భీమన్న తడిగుడ్డ జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి, గడప తొక్కకుండా దాటి, తాను నిలబెట్టిన తలుపులోంచి మొదటిసారి చుట్టంలా లోపలికి వెళ్లాడు.