సగటు క్లాసులో ఎవరూ కూర్చోరు

ఆదివారం పొద్దున్న బావగారు ఫోన్ చేశారు. మామూలుగా ఆయన ఫోన్ చేయరు, మెసేజ్ పెడతారు. "మీ అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. మా వీధి చివరింటి అక్క, రక్తసంబంధం లేకపోయినా అమెరికాలో, అట్లాంటా పక్కనున్న ఈ అల్ఫారెట్టాలో నాకున్న ఒకే ఒక్క అక్క, ఇక లేదు. మావారు మెట్ల మీద కూలబడి "నిన్న సాయంత్రం కూడా చెయ్యి ఊపారు కదే" అని అదే మాట తిప్పి తిప్పి అన్నారు. నాకు మాత్రం ముందు మా అమ్మాయి గుర్తొచ్చింది. అది కొండల్లో ఒక చిన్న కాలేజీలో చదువుతోంది. అది అక్కడ ఉండటానికి కారణం అక్కే. ఈ కబురు దానికి ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

ఇండియాలో ఉన్నప్పుడు అక్క స్టాటిస్టిక్స్ లెక్చరర్. బావగారి ఉద్యోగం వెంట డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చి, పని చేసే అనుమతి లేక చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక డిగ్రీ చదువులు మాత్రమే చెప్పే ఓ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో అడ్మిషన్స్ ఆఫీసులో చేరింది. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి సీటిచ్చారు, వాళ్ళలో ఎంతమంది చేరారు, చేరినవాళ్ళలో ఎవరు రెండో ఏడాదికి తిరిగొచ్చారు, ఒక్కో కుటుంబం మీద నిజంగా ఎంత భారం పడింది, ఇవన్నీ లెక్కగట్టడం ఆమె పని. ఇంట్లో కూర్చున్న ఆ ఏళ్ళ గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. "ఉద్యోగం ఉన్నవాళ్ళ లెక్కలో నేను లేను, లేనివాళ్ళ లెక్కలోనూ లేను. పర్మిషన్ లేనివాళ్ళని ఎవరు లెక్కపెడతారు? అందుకే ఏ పర్సంటేజ్ చూసినా, ఇందులో ఎవర్ని వదిలేశార్రా బాబూ అని వెతుకుతా" అంది. ఆ మాట అనేసి టీ పెట్టడానికి లేచింది.

మొదట్లో నేను ఆమెని 'మీరు' అనేదాన్ని. "ఆ మాట వింటే నా వయసు గుర్తొస్తోంది, మానెయ్" అని మాన్పించింది. అయితే ఆమెతో చనువుగా ఉండటం అంత తేలికేం కాదు. ఒకసారి తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అయ్యాక నా పులిహోర అందరికీ నచ్చిందని మురిసిపోతుంటే, "అందరూ అంటే ఎవరెవరు? నువ్వడిగింది ముగ్గుర్ని. ఆ ముగ్గురూ నీ వంట తింటూ నీ ఎదురుగా నిలబడ్డవాళ్ళు. బాలేదని ఎలా చెప్తారే?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఖాళీ డబ్బా పట్టుకొచ్చి, మిగిలిన పులిహోర ఉంటే పెట్టమంది. కారు మాత్రం ఘోరంగా నడిపేది. పక్కన కూర్చున్నవాళ్ళు సీటు పట్టుకునే ఉండాలి.

మా అమ్మాయి హైస్కూల్ చివరి ఏడాదిలో ఆమెతో మాకు అసలు పని పడింది. మా అమ్మాయికి బయాలజీ ఇష్టం, కానీ మాటకారి కాదు. వేలమంది ఉన్న స్కూల్లో వెనక వరసలో కూర్చుని, మార్కులు తెచ్చుకుని, ఎవరికీ తెలియకుండా ఇంటికొచ్చేది. టీచర్లు రిపోర్టుల్లో రాసేది ఎప్పుడూ ఒకటే, 'నెమ్మదైన పిల్ల' అని. పేరున్న పెద్ద యూనివర్సిటీలో అది ఇంకా లోపలికి ముడుచుకుపోతుందేమోనని నా భయం. ఎవరూ వినని చిన్న కాలేజీకి పంపితే దాని భవిష్యత్తు పాడుచేసినవాళ్ళం అవుతామేమోనని మావారి భయం. ఆ రెండు భయాల మధ్య పిల్ల నలిగిపోయింది.

మావారు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఎక్సెల్ షీట్ తయారుచేశారు. కాలేజీలన్నీ దించి, ఎవరు ఎక్కువమందిని రిజెక్ట్ చేస్తే వాళ్ళు పైకి వచ్చేలా సార్ట్ చేశారు. అప్లై చేసినవాళ్ళలో సగానికి పైగా తీసుకునే కాలేజీలన్నిటికీ ఎర్ర రంగు వేసేశారు. మేమిద్దరం ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళం. ర్యాంకు ఎంత గట్టిదైతే సీటు అంత గొప్పదని మా ఎముకల్లోకి ఇంకిపోయింది. మాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో చాలావాటిలో ఇలాంటి షీటే ఉంది.

అక్క ఆ షీటు చూసి పడీ పడీ నవ్వింది. "మరిదిగారూ, మా కాలేజీ రేపు అప్లికేషన్ ఫీజు ఎత్తేసి, దేశమంతా మెయిళ్ళు పంపిందనుకోండి. అప్లై చేసేవాళ్ళు పెరుగుతారు, సీట్లు అవే ఉంటాయి. మీ షీట్లో మేం పైకి పోతాం. చదువేమైనా బాగుపడిందా?"

"అయితే ఏం చూడాలి వదినగారూ?" మావారి గొంతులో కాస్త ఉడుకుమోత్తనం ఉంది.

"వాకిట్లోంచే పంపేసినవాళ్ళని లెక్కపెట్టి ఏం చేస్తారు? లోపలికి వెళ్ళినవాళ్ళు ఉన్నారా, పోయారా అది చూడండి. రెండో ఏడాదికి ఎంతమంది తిరిగొచ్చారు, డిగ్రీ చేతపట్టుకుని ఎంతమంది బయటికొచ్చారు."

ఒక పెద్ద యూనివర్సిటీవాళ్ళ బ్రోషర్‌లో సగటు క్లాసు చిన్నదే అని ఉందని మావారు చూపించారు. అక్క దాన్ని పక్కకి జరిపి, "సగటు క్లాసులో ఎవరూ కూర్చోరు. మీ పిల్ల కూర్చునేది మొదటి ఏడాది బయాలజీలో. అది ఎంత పెద్దదో అడిగారా?" అంది. మేం అడగలేదు. ఫీజు దగ్గరా అంతే. మేం చూస్తున్న, కొండల్లోని ఒక చిన్న కాలేజీ వెబ్‌సైట్‌లో రేటు చూడగానే మావారు లాప్‌టాప్ మూసేశారు. "అది చీరకి అంటించిన రేటు. అంతకి కొనేవాళ్ళూ ఉంటారు, కానీ తక్కువ. మీలాంటి ఇన్‌కమ్ ఉన్నవాళ్ళు కాలేజీ తగ్గించి ఇచ్చే ఎయిడ్ పోగా ఎంత కడుతున్నారో చూడండి. అదీ దొరుకుతుంది, కాకపోతే పెద్ద అక్షరాల్లో రాయరు" అంది. అవన్నీ చూశాక మావారు షీట్లో ఎర్ర రంగు తీసేశారు. మా అమ్మాయి ఆ పెద్ద యూనివర్సిటీకీ ఈ చిన్న కాలేజీకీ అప్లై చేసింది, రెండు చోట్లా సీటొచ్చింది. చిన్న కాలేజీవాళ్ళు ఇస్తామన్న ఎయిడ్ పోగా రెంటికీ ఖర్చులో పెద్ద తేడా లేకుండా పోయింది.

అప్పుడు నేనొక సలహా చెప్పాను. ఎలాగూ చిన్న కాలేజీ అయితే అక్క పనిచేసే చోటే చేర్పిద్దాం, పిల్ల ఆమె కళ్ళ ముందు ఉంటుంది అని. అక్క సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

"వద్దు. మా దగ్గర ఏటేటా చేరేవాళ్ళు తగ్గుతున్నారు. ఆ గ్రాఫ్ గీసేది నేనే. బయాలజీలో టీచర్లు వెళ్ళిపోతే కొత్తవాళ్ళని పెట్టడం లేదు. మా కాలేజీ మళ్ళీ నిలబడుతుంది, దానికోసం రోజూ పనిచేస్తున్నాను. కానీ నా ఆశ కోసం మీ అమ్మాయి నాలుగేళ్ళు ఖర్చుపెట్టకండి." పిల్లల్ని చేర్పించడమే పనిగా ఉన్న ఆఫీసులో జీతం తీసుకుంటూ ఆ మాట చెప్పడం ఆమెకి ఎంత కష్టమైందో ఆ కళ్ళలో చూశాను. ఆ రోజు నుంచి ఆమె మీద నాకున్న ప్రేమకి గౌరవం కూడా తోడైంది.

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టే గడువు ముంచుకొస్తుండగా అక్క మమ్మల్ని కొండల్లోని ఆ కాలేజీకి బయల్దేరదీసింది. ఆమె పద్ధతి ఒకటుంది. కాలేజీవాళ్ళే అందర్నీ పిలిచి చూపించే ఓపెన్ హౌస్ రోజు వెళ్ళనిచ్చేది కాదు, మంగళవారం మధ్యాహ్నం వెళ్ళాలి. "టూర్‌లో చూపించేది పైన తేలే పోపు. గరిటె అడుగుదాకా పెట్టి కలపాలి" అనేది. కలపడమంటే ఏమిటో అక్కడి క్యాంటీన్‌లో చూశాం. ట్రే పట్టుకుని తిన్నగా వెళ్ళి, ఒంటరిగా తింటున్న ఒకమ్మాయి ఎదురుగా కూర్చుంది. ఏ ఇయర్ అని అడిగింది, థర్డ్ అంది ఆ పిల్ల. మొదటి ఏడాదివాళ్ళకి అంతా కొత్త మోజు, నాలుగో ఏడాదివాళ్ళు వెళ్ళిపోయే తొందరలో ఉంటారు, నిజం చెప్పేది మూడో ఏడాదివాళ్ళేనని అక్క నమ్మకం.

"ఇక్కడ నీకు నచ్చనిదేంటి?" అంది అక్క, చుట్టూ తిప్పకుండా.

ఆ అమ్మాయి వీకెండ్ చేయడానికి ఏమీ ఉండదని, తిండి చప్పగా ఉంటుందని చెప్పింది. ఆఖరికి, "ఇక్కడ దాక్కోవడం కుదరదు. ఒక క్లాసు మానేస్తే సాయంత్రానికి ప్రొఫెసర్ మెయిల్ పెడతారు, ఎలా ఉన్నావని. కొన్నిసార్లు చిరాకేస్తుంది" అంది.

తిరుగు ప్రయాణంలో కారు అదృష్టవశాత్తూ మావారే నడుపుతున్నారు. వెనక సీట్లోంచి మా అమ్మాయి, తన వచ్చీరాని తెలుగులో, "ఆంటీ, ఆ అమ్మాయికి చిరాకు అన్నది కదా, నాకు అదే కావాలి. ఐ యామ్ టైర్డ్ ఆఫ్ హైడింగ్" అంది. అక్క దాని చెయ్యి పట్టుకుంది. మావారు అద్దంలోంచి కూతురి వంక చూశారు. "మరి ఫ్రెండ్స్ ఏ కాలేజీ అని అడిగితే, పేరు చెప్పినా ఎవరికీ తెలీదు కదా వదినగారూ?" అన్నారు.

"స్పెల్లింగ్ చెప్పండి" అంది అక్క.

చేర్పించాం. మొదటి సెమిస్టర్ నరకం. రూమ్మేట్‌తో పడలేదు, కెమిస్ట్రీ ఎక్కలేదు, రోజూ ఫోన్లో ఏడుపు. నేను పరుగున అక్క ఇంటికి వెళ్ళి, నీ అంకెలు ఏం చెప్తున్నాయో చెప్పమని కేకలేశాను. ఆమె నన్ను కూర్చోబెట్టింది. "వందమందికి ఏం జరుగుతుందో చెప్పగలను. నీ ఒక్క పిల్లకి ఏమవుతుందో నాకు తెలీదే. నాకూ భయంగానే ఉంది" అంది. ధైర్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు నాకు, కానీ ఆ మాటతోనే నా గుండె కుదుటపడింది. ఆ తర్వాత వారం వారం మా అమ్మాయికి ఆమె సొంతంగా ఫోన్ చేసేదని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు. ఏం మాట్లాడుకునేవారని అడిగితే, "స్టఫ్" అంది మా అమ్మాయి.

వేసవి సెలవులయ్యాక అది తనంతట తనే సామాను సర్దుకుని రెండో ఏడాదికి వెళ్ళింది. ఆ సాయంత్రం అక్క మా ఇంటికి స్వీటు డబ్బాతో వచ్చింది. "తిరిగొచ్చినవాళ్ళ పర్సంటేజ్ అని ఇన్నేళ్ళుగా రిపోర్టు రాస్తున్నా. మా కాలేజీది కాకపోయినా, అలాంటి లెక్కలో నాకు తెలిసిన మనిషి ఉండటం ఇదే మొదటిసారి" అని కళ్ళు తుడుచుకుంది. అప్పటికి అక్క పనిచేసే కాలేజీలో కూడా చేరేవాళ్ళు కాస్త పెరిగారు. ఒక్క ఏడాది చూసి పండగ చేసుకోకూడదంటూనే రెండో మైసూర్‌పాక్ తీసుకుంది.

అక్క పోయిన కబురు చెప్పిన రోజు మావారు వెళ్ళి మా అమ్మాయిని తీసుకొచ్చారు. కార్యక్రమాలయ్యే దాకా అది బావగారి పక్కనే ఉంది. ఆయన మందులు అందించింది, వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది. నోరు మాత్రం విప్పలేదు. మళ్ళీ పాతరోజుల్లోకి ముడుచుకుపోతోందేమోనని నాకు బెంగ పట్టుకుంది. మొన్న శనివారం ఇద్దరం కలిసి దాన్ని కాలేజీలో దింపడానికి వెళ్ళాం. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

హాస్టల్ ముందు కారు ఆగేసరికి మెట్ల మీద నలుగురైదుగురు పిల్లలున్నారు. చలిలో జాకెట్లు కూడా లేకుండా, స్లిప్పర్లతో బయటికొచ్చి దీనికోసమే ఎదురుచూస్తున్నారు. మా అమ్మాయి బయాలజీ ప్రొఫెసర్ కూడా కుక్కని తిప్పుతూ అటుగా వస్తూ, మా పిల్లని పేరుపెట్టి పిలిచి ఆగింది. ఒకమ్మాయి ముందుకొచ్చి, "మీ ఆంటీ గురించి చెప్పు" అని అడిగింది. మా అమ్మాయి బ్యాగు కింద పెట్టింది. చెప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా చెప్పింది, తర్వాత చేతులు తిప్పుతూ, నవ్వుతూ, ఏడుస్తూ చెప్పింది. మావారు ఇంజన్ ఆపేశారు. మేం కారు దిగలేదు, బయల్దేరనూ లేదు. వీధి దీపాలు వెలిగాయి, కుక్క నేల మీద పడుకుంది, ఆ పిల్లలు ఎవరూ లోపలికి పోలేదు. అద్దాలు మూసి ఉన్నా మా అమ్మాయి గొంతు మాకు వినిపిస్తూనే ఉంది.