మంచు కోసం పోయి తొక్కు తుడిచొచ్చిన

చాయ్ తాగుండ్రి, చెప్తా. కానీ "మంచు ఎట్లుంది?" అని మాత్రం అడగొద్దు. ట్రిప్ నుంచి వచ్చినప్పటి సంది యాప్రాల్‌ల మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌ల ఎవరు కలిసినా అదే ముచ్చట. ఒళ్ళు మండుతున్నది నాకు!

పెండ్లైన కొత్తల మా ఆయన అన్నడు, "నిన్ను మంచు కొండలకు తీస్కపోతా" అని. బిడ్డ పెండ్లి సుత అయిపోయింది, మంచు మాత్రం కనపడలె. ఈ ఎండాకాలం నేనే మొండికేసిన. "నాకు మంచు చూపియ్యాలె. తిరిగి వచ్చేదాక పొయ్యి ముట్ట!" సరే అన్నడు. మస్తు సంబురపడ్డ.

ఏం బుక్ చేసిండనుకున్నరు? క్యారవాన్! షూటింగుల యాక్టర్లు కూసుంటరే, అసోంటి బండి. ఢిల్లీల ఎక్కితె డ్రైవర్ హిమాచల్ కొండలన్నీ తిప్పుతడట. అండ్ల మంచాలు, బాత్రూం, ఇంకా... కిచెన్! పొయ్యి ముట్టనన్న మనిషికి కిచెన్! పైంగ, "జాగ ఖాళీగ ఎందుకు?" అని వాళ్ళ అక్కను, బావను సుత రమ్మన్నడు.

నేను తక్కువ తిన్ననా? అక్కడ వంట తప్పాలంటె ఇక్కడే చేస్కపోవాలె అనుకున్న. మామిడికాయ తొక్కు, టమాట తొక్కు, కరివేపాకు కారం, పులిహోర పులుసు... వారం దినాలు వంట చేయకుండ ఉండనీకి నెల దినాలు వంట చేసిన. నా తెలివి చూడుండ్రి!

అమెరికా పోయేటోళ్ళకు ప్యాకింగ్ చేసే దుకాణానికి పోయిన. ఆయన ప్యాకెట్ల గాలి తీసేయబోతె నేనే ఆపిన. "ఉండనియ్ అన్నా, చిప్స్ ప్యాకెట్ లెక్క జెర ఉబ్బుగుంటె సంచిల నలగదు" అన్న. ఇది యాదిపెట్టుకోండ్రి.

ట్రిప్ షురూ అయింది. కుక్కర్ల అన్నం మా ఆయననే పెట్టిండు, తొక్కులతోని తిన్నం. నేను కిటికీ కాడ మహారాణి లెక్క కూసున్న. బండి పైకి ఎక్కిన కొద్దీ మంచం మీది అల్మారల ప్యాకెట్లు ఉబ్బుతున్నయ్.

"ఏందే సుజాతా, నీ ప్యాకెట్లు పూరీల లెక్క పొంగుతున్నయ్!" అని మా వదినె నవ్వింది. నేను సుత నవ్విన, పిచ్చిదాన్ని.

కొండ పైకి చేరినం. అటు చూస్తె మంచు! బండి ఇంకా ఆగనేలేదు, ఠప్! మామిడికాయ తొక్కు తెల్ల దుప్పటి మీద. ఇంకోటి ఠప్! టమాట తొక్కు బావ బట్టతల మీద. నూనె పరదాలకు, పరుపులకు, అంతట! పైకి పోయిన కొద్దీ బయట గాలి పలచనై ప్యాకెట్ల గాలి ఉబ్బుతదని నాకేం ఎరుక?

డ్రైవర్ మొహం తెల్లబోయింది. "మేడమ్, ఓనర్ నన్ను పనిల ఉంచడు" అని హిందీల మొత్తుకున్నడు. తొక్కు నాది, తుడిచేది ఇంకెవరు? "మీరు పొండ్రి, నేనొస్తా" అన్న. "జల్ది రా" అని అందరు దిగి మంచుల ఉరికిండ్రు. ఒక్కరన్న ఆగలె!

చల్లనీళ్ళకు నూనె పోతదా? వేడినీళ్ళు కావాలె. పొయ్యి ముట్టిచ్చిన. అవును, నేనే!

కిటికీ మీద టకటక. మా ఆయన. "ఎట్లైనా పొయ్యి ముట్టిచ్చినవ్ గదా, జెర చాయ్ పెట్టరాదే. చలి చంపుతున్నది!"

ఒక చేత్తోని తుడుసుకుంట, ఒక చేత్తోని చాయ్ పెట్టిన. గిన్నె దించలేదు, మళ్ళ టకటక. "వీళ్ళు మనోళ్ళేనే, మన యాప్రాల్ పక్కన కాప్రాల ఉంటరట! ఇంకో నాలుగు పెట్టు!" హిమాలయాల మీద సుత మనోళ్ళు దొరుకుతరు ఈయనకు. ఏడుపొచ్చింది. కారం ఘాటు అన్న.

చెయ్యి కడుక్కొని ఉరికొచ్చి దిగేసరికి, పొగమంచు! నా చెయ్యి నాకే కనపడలె. "రోడ్డు బంద్ అయితది, ఎక్కుండ్రి" అన్నడు డ్రైవర్. ఎక్కిన. అయిపోయింది నా మంచు.

మా ఆయన స్టేటస్ పెట్టుకున్నడు, "శ్రీమతికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్న" అని. ఫోటోల ఆయన, అక్క, బావ, కాప్రా వాళ్ళు. వెనక బండి కిటికీల చాయ్ జాలి పట్టుకొని నేను!

నిన్న ఫ్రిజ్ తెరిచిన. ఫ్రీజర్ నిండ మంచు గడ్డకట్టి ఉన్నది. కింద కూసొని గీకిన, చేతుల నిండ తీసుకొని తనివితీర చూసిన.

ఇగ అడుగుండ్రి, మంచు ఎట్లుందో చెప్తా. తెల్లగుంది, చల్లగుంది, పక్కన నిరుడు పెట్టిన బటానీల ప్యాకెట్ ఉంది.