పన్నెండో పేజీలో పదకొండు నిమిషాలు

మందుల గోదాములో ఆమెను అందరూ సూపర్‌వైజరమ్మ అనేవారు. ముప్పై మూడేళ్ళ మనిషి. పద్నాలుగేళ్ళుగా అదే గోదాము, అదే లోడింగు గేటు, చంకలో అదే రాత అట్ట. ఏ వ్యానులోకి ఏ పెట్టె ముందెక్కాలో, ఏది ఆఖర్న ఎక్కాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. నోరు కాస్త దురుసు. ఎంతటి డ్రైవరైనా ఆమె వస్తోందంటే బీడీ కింద పడేసి చెప్పుతో నలిపేవాడు. అలాంటి మనిషిని నలభై మంది ముందు నవ్వులపాలు చేశాడొకడు. ఊరుకుంటుందా?

వాడికి గోదాములో పెట్టిన పేరు కోటుబాబు. మండుటెండలో కూడా కోటు విప్పడు మహానుభావుడు! ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీ వాణ్ణి పంపింది. అంటే ఇంకొకళ్ళ కంపెనీలోకి వెళ్ళి, మీ పని మీరిలా చేసుకోవాలి అని చెప్పి ఫీజు పుచ్చుకునే కంపెనీ అన్నమాట. స్టాప్‌వాచీ పట్టుకుని లోడింగు గేటు దగ్గర రెండు రోజులు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో వ్యాను నిండడానికి ఎంతసేపు పడుతుందో రాసుకున్నాడు.

అసలు తప్పు అక్కడే జరిగింది. బయటివాళ్ళు చూస్తున్నారంటే మనుషులకు ఎక్కడలేని హుషారూ పుట్టుకొస్తుంది. దానికి తోడు, ముందురోజే ఆమె హమాలీలందరినీ పిలిచి, "రేపు పెద్దవాళ్ళొస్తున్నారు. మన గేటు పరువు తీయకండి. చకచకా కానివ్వండి" అంది. వాళ్ళు కానిచ్చారు. పెట్టెల మీద అంటించాల్సిన చీటీలు పొద్దున్నే వచ్చి అంటించేశారు. చల్లటి మందుల పెట్టెల్లో థర్మామీటరు చూసి రాసే పని తర్వాతకి వాయిదా వేశారు. మంచినీళ్ళకు కూడా ఆగకుండా పరుగులు తీశారు. కోటుబాబు నివేదిక పన్నెండో పేజీలో అచ్చయింది: వ్యానుకు పదకొండు నిమిషాలు. మామూలు రోజుల్లో పంతొమ్మిది పడుతుంది. పదకొండుతో లెక్క కడితే పదిమంది హమాలీల్లో నలుగురు అనవసరం. కాబట్టి ఆ నలుగురినీ తీసేయండి అని సలహా.

నివేదిక చదివి వినిపించిన రోజున ఆమె చెయ్యెత్తింది. "ఆ పదకొండు మీద నాకు అనుమానంగా ఉందండీ" అంది. కోటుబాబు చిన్నగా నవ్వాడు. బల్ల మీద ఉద్యోగుల ఫైళ్ళ దొంతరలోంచి ఆమె ఫైలు లాగాడు. అందులో ఆమె బడి మార్కుల కాగితం ఉంది.

"లెక్కల్లో నలభై ఒకటి వచ్చినవాళ్ళు లెక్క తప్పంటే మేమేం చేయాలండీ?" అన్నాడు.

గదంతా గొల్లుమంది. మేనేజరైతే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదంటే, ఆ పదకొండు ఎలా పుట్టిందో చెప్పాలంటే, పరిగెత్తమన్నది నేనే అని కూడా చెప్పాలి. చెప్పలేకపోయింది. నెల తిరక్కుండా నలుగురూ ఇంటికి పోయారు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాణ్ణి పెద్దయ్య అని పిలిచేవారు. వెళ్ళేటప్పుడు ఆయన తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. 

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండానే అంది ఆమె: "ఆరునూరైనా సరే, వాడి కంపెనీలోనే ఉద్యోగం సంపాదిస్తాను. వాడి ఎదురుగా కూర్చుని, వాడి పదకొండుని వాడిచేతే మింగిస్తాను."

"ముందు నువ్వు అన్నం మింగు" అంది వాళ్ళమ్మ.

తమాషా అనుకున్నారు ఇంట్లో. ఆమెకు మాత్రం ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వారం తిరక్కుండా ఆ కంపెనీకి దరఖాస్తు పెట్టింది. కంప్యూటరులో ఫారం. మూడో గడిలోనే బడి చివరి పరీక్షలో ఎంత శాతం అని ఉంది. యాభై రెండు అని కొట్టింది. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని. ఇరవై నిమిషాలంటే వ్యాను నిండేంతసేపు! మనిషన్నవాడు చదవనేలేదు, ఆ గడిలో అంకె చూసి యంత్రమే అవతల పారేసింది.

బస్సు కండక్టరుగా చేసే వాళ్ళన్నయ్య ఉపాయం చెప్పాడు. "ఆ ఏడు టైఫాయిడ్ వచ్చిందని రాయవే. ఎవడొచ్చి చూస్తాడు?"

"టైఫాయిడ్ వచ్చింది నీకురా" అంది తల్లి లోపల్నుంచి. "అది గుండ్రాయిలా ఉంది. ఆ ఏడంతా వాలీబాల్ ఆడింది."

"ఎనభై రెండని కొట్టు, పోనీ."

"కాగితాలు చూపించమంటే? అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది ఆమె. "అబద్ధం చెప్పి దూరితే వాడి కాలి కింద చెప్పునవుతాను అన్నయ్యా. నేను వాడి నెత్తినెక్కాలి."

ఏడాదిన్నర పట్టింది. పొద్దున్నే నాలుగున్నరకు లేచి, వంటింటి గట్టు మీద పుస్తకాలు పెట్టుకుని, దూరవిద్యలో స్టాటిస్టిక్స్ డిప్లొమా చదివింది. ఎనభై ఆరు శాతం వచ్చింది. లెక్కల సామర్థ్యానికి కంపెనీలు నమ్మే పరీక్ష ఒకటుంటే అదీ రాసింది. నూరు మందిలో తొంభై మూడు మంది ఆమె కిందే. చదువు మీద ప్రేమా? ప్రేమా లేదు, దోమా లేదు. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ నవ్వు వినిపించేది, నిద్ర ఎగిరిపోయేది. మధ్యలో నలభై రోజులపాటు, ఎవరికీ చెప్పకుండా, ప్రతి వ్యాను మొదలైన టైమూ ముగిసిన టైమూ రాత అట్ట మీద రాసుకుంది. మిగిలిన ఆరుగురు నడుములు పడిపోయేలా చేస్తున్నారు. వ్యాన్లు ఆలస్యంగానే వెళ్తున్నాయి. పది మంది లెక్కకు తెచ్చి చూస్తే అంకె పంతొమ్మిది దగ్గరే ఆగింది. ఆ కాగితాలు మేనేజరుకిస్తే, "అంత పెద్దవాళ్ళు చెప్పాక నువ్వెంత, నేనెంత" అని సొరుగులో పడేశాడు.

బయోడేటా మళ్ళీ రాసుకుంది. గోదాములో తను సాధించినవి పైన పెట్టింది. కొత్త మార్కులు వాటి కింద. బడి మార్కులు అట్టడుగున, ఒకే ఒక్క లైను. సంజాయిషీ లేదు, ఏడుపు లేదు. కానీ ఎంత బాగా రాసినా యంత్రం మళ్ళీ ఆ గడి దగ్గరే గెంటేస్తుంది కదా! నివేదిక చివరి పేజీలో, సందేహాలుంటే వీరిని అడగండి అని కంపెనీ పెద్ద మేడమ్ చిరునామా ఉంది. ఆ మేడమ్‌కే ఉత్తరం రాసింది. "మీ నివేదికలో పన్నెండో పేజీలో ఒక అంకె తప్పు. అదే అంకెను మీరు ఇంకో మూడు గోదాముల్లో కూడా వాడుతున్నారని మా డ్రైవర్లు చెప్పారు. ఎక్కడ తప్పో చెబుతాను. ముందు నా దరఖాస్తును ఒక మనిషి చదవాలి."

ఎంత పొగరు! ఆ పొగరే పని చేసింది. నాలుగో రోజున పిలుపొచ్చింది.

ఇంటర్వ్యూ గదిలో గుండ్రటి బల్ల. ఒకవైపు పెద్ద మేడమ్. పక్కన ఎవరనుకున్నారు? కోటుబాబే. ఆమెను గుర్తుపట్టాడు. పట్టి, మొదటి ప్రశ్నే వేశాడు.

"ఈ నలభై ఒకటి గురించి చెప్తారా?"

"చెప్పడానికేముందండీ? చదవలేదు, ఆడుకున్నాను. చదవాల్సి వచ్చినప్పుడు చదివాను, ఆ మార్కులు పైన ఉన్నాయి." అంతే. అద్దం ముందు నూరుసార్లు చెప్పుకున్న మాటలు. ఒక్క మాట ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

పెద్ద మేడమ్ తలూపి, "సరే, పన్నెండో పేజీ?" అంది.

నలభై రోజుల కాగితాలు బల్ల మీద పరిచింది ఆమె. లోపల పగ గంతులేస్తోంది. ఈ క్షణం కోసమే కదా ఏడాదిన్నర నిద్ర చంపుకుంది! "పదకొండు కాదండీ, పంతొమ్మిది" అంది.

కోటుబాబు కాగితాలు తిప్పాడు. తెలివైనవాడే, కాదనలేం. "మేం రెండ్రోజులు కళ్ళారా చూశాం. పదకొండులో నింపారు. ఆ రోజు నింపగలిగినవాళ్ళు రోజూ ఎందుకు నింపరు?"

"ఆ రెండ్రోజులూ పరిగెత్తారండీ. చీటీలు ముందే అంటించారు. థర్మామీటర్లు చూడలేదు."

"ఎవరు పరిగెత్తమన్నారు?"

ఆమె కాగితాల మీంచి చెయ్యి తీసింది. ఎవరూ అనలేదు, వాళ్ళే పరిగెత్తారు అంటే సరిపోతుంది. ఉద్యోగం చేతికొస్తుంది. నిజం చెబితే, కొలతల్ని చెడగొట్టిన సూపర్‌వైజరుకు లెక్కల ఉద్యోగం ఎవడిస్తాడు? కానీ ఎవరూ అనలేదంటే తప్పు హమాలీల నెత్తినే పడుతుంది, వాళ్ళే మోసం చేశారని. వీడు కోటు దులుపుకుని లేచిపోతాడు. అది మాత్రం ఆమె చచ్చినా జరగనివ్వదు.

"నేనే అన్నాను" అంది. "మీ ముందు గొప్పగా కనబడాలని. సిగ్గు పడాల్సింది నా నలభై ఒకటికి కాదండీ, దీనికి. కానీ ఈ ప్రశ్న మీరు ఆ రోజే వేయాల్సింది. నా బడి కాగితం తీసి నలభై మందికి చదివి వినిపించే బదులు, ఎందుకమ్మా అనుమానం అని ఒక్క ముక్క అడిగారా? లెక్కల్లో నలభై ఒకటి తెచ్చుకుంటే నేనొక్కదాన్నే తిట్లు తిన్నాను. మీ పదకొండుకి నలుగురి నోటికాడ కూడు పోయింది."

కోటుబాబు తేలు కుట్టిన దొంగలా కాగితాల్లో తల దూర్చాడు. పెద్ద మేడమ్ అతని వైపు తిరిగి, "బడి కాగితం చదివారా? అందరి ముందూనా?" అని మాత్రం అంది. ఆ గొంతు విన్నాక సూపర్‌వైజరమ్మ కడుపు నిండిపోయింది. ఉద్యోగం రాకపోయినా పర్వాలేదనుకుంటూ మెట్లు దిగింది.

వచ్చింది. గోదాములో మళ్ళీ కొలిచారు, ఈసారి మూడు వారాలు, ఎవరికీ చెప్పకుండా. పది మంది లెక్కకు తెస్తే పంతొమ్మిది మీద కొన్ని సెకన్లు. ఆ నలుగురినీ తిరిగి తీసుకోవడానికి గోదాము ఒప్పుకుంది. పిలుపు కాగితాలు పోస్టులో వేద్దామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నివేదిక రాసినవాళ్ళే వెళ్ళి చేతికివ్వాలి మేడమ్. అంకె తప్పని నోటితో చెప్పాలి" అంది. పెద్ద మేడమ్ సరేనంది.

ఆ ఆదివారం కంపెనీ కారులో ఆమే కోటుబాబూ బయల్దేరారు. ఆమె వెనక సీట్లో కూర్చుని అద్దం దించుకుంది. దిగలేదు, ఎందుకు దిగాలి? చూడ్డానికే వచ్చింది. మొదటి ఇంటి ముందు కోటుబాబు చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, లెక్క తప్పండీ, మాదే పొరపాటు అన్నాడు. రెండో ఇంట్లో ఇల్లాలు దుమ్మెత్తిపోసింది. మూడో ఇంటి ముందు ఎండలో పావుగంట నిలబెట్టారు. చెమటకు కోటు వీపుకంటుకుపోయింది. ఆమె ఒక్కో మాటా ఏరుకుని దాచుకుంది. ఇంతకన్నా తియ్యనిది లోకంలో ఉంటుందా అనిపించింది.

నాలుగో ఇల్లు పెద్దయ్యది. ఆయన గుమ్మంలోకొచ్చి, కోటుబాబు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. కాగితం తీసుకోలేదు. అతని భుజం మీదుగా కారు వైపు చూశాడు.

"మీరు పరాయివాళ్ళు బాబూ. మీకు తెలీదు, రాశారు" అన్నాడు. "ఆ రోజు పరిగెత్తమన్న మనిషి కారులో కూర్చుందే. ఆవిణ్ణి దిగమనండి, అప్పుడు తీసుకుంటాను."

కోటుబాబు వెనక్కి తిరిగాడు. పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె తలుపు తీసుకుని దిగింది. చెప్పులు విప్పి, అతని చెప్పుల పక్కనే పెట్టింది.