అరవయ్యొకటో నంబరు

షాపు మాస్టారు పోయారని నాకు మొదట చెప్పింది ఒకప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు. పొద్దున్నే ఫోన్ చేసి, "బావా, మన షాపు మాస్టారు ఎల్లిపోనార్రా. టిపినీ సేసి, పేపరు సదూతా కుర్సీలోనే ఒరిగిపోనార్ట," అన్నాడు. అయ్యో అన్నాను. అన్నాను గానీ, నిజం చెప్పాలంటే ఆ అయ్యో కంటే ముందు నా మనసులో మెదిలిన మాట వేరు. 'హమ్మయ్య, ఇంక చెప్పక్కర్లేదు.' ఆ మాట నాకే వినబడి ఒళ్లు జలదరించింది. పన్నెండేళ్లుగా ఒక తప్పు ఆయన దగ్గర ఒప్పుకుందామని తిరుగుతున్నవాణ్ణి, మనిషి పోయాడంటే తేలికపడ్డాను. ఇంత సిగ్గుమాలిన సంతాపం మీరెక్కడా చదివి ఉండరు.

మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి వర్క్‌షాపు నేర్పేవారు. ప్రొఫెసరు కాదు, లెక్చరరూ కాదు. గాజువాక వైపు ఒక చిన్న ఫౌండ్రీలో ఇరవై ఏళ్లు చెమటోడ్చి వచ్చిన మనిషి. సొంతూరు సబ్బవరం దగ్గర పల్లె, ఆ యాస చివరిదాకా వదల్లేదు. ఖాకీ చొక్కా, చెవి వెనక పెన్సిలు, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు.

ఇనప ముక్కని వైస్‌లో బిగించి, ఆకురాయితో రాసి రాసి, రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి సందు లేకుండా కూర్చునేలా చెయ్యాలి. అదీ ఆయన మాకు పెట్టే పని. అరచేతులు బొబ్బలెక్కేవి. అందుకని మా కాలేజీలో ఒక ఆచారం ఉండేది. సీనియర్లు ఏనాడో చేసిన ముక్కని అడిగి తెచ్చుకుని మాదేనని చూపించడం. మాస్టారు ఆ ముక్కని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, "ఏమ్మా, బాగున్నావా? పోయినేడు కూడా వొచ్చేవు గదా," అని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవారు. తెచ్చినవాడు చచ్చేవాడు సిగ్గుతో. తిట్టేవారు కాదు. దాని మీద అడ్డంగా ఒక గాటు పెట్టి, కొత్త ముక్క చేతికిచ్చి, "రాసీసింది మల్లీ అతకదు నాయినా. సూసి రాయి," అనేవారు.

నాది ఆనందపురం అవతల పల్లె. పదో తరగతిదాకా తెలుగు మీడియం, ఇంటర్ ఎలాగో బట్టీ కొట్టి గట్టెక్కాను. కాలేజీలో మొదటి వారానికే తెలిసిపోయింది, బోర్డు మీద లెక్క నాకు తెలిసినదే గానీ దాని గురించి లెక్చరరు ఇంగ్లీషులో మాట్లాడేది ఒక్క ముక్కా అర్థం కావడం లేదని. పక్కవాణ్ణి అడగాలంటే సిగ్గు. మెస్‌లో అందరూ తిని లేచాక వెళ్లి చల్లారిన అన్నం తినేవాణ్ణి. నా పేరు ఎవరికీ పట్టలేదు, "ఒరే ఆనందపురం" అని పిలిచేవారు. రెండు నెలలపాటు క్లాసులో నేను నోరు తెరిచి పలికిన ఇంగ్లీషు మొత్తం రెండే మాటలు. "ప్రెజెంట్ సార్."

మా సెక్షన్లో అరవైమందిమి. షాపు మాస్టారు మాత్రం హాజరు తీసుకుంటూ అరవై దగ్గర ఆగేవారు కాదు. "అరవయ్యొకటి," అని పిలిచి, పెన్సిలు అలాగే పట్టుకుని కాసేపు ఉండి, అప్పుడు రిజిస్టరు మూసేవారు. ప్రతి క్లాసులోనూ అంతే. మాస్టారికి కొంచెం తిక్క అన్నారు సీనియర్లు. షాపులో దెయ్యం ఉందనీ, దానికీ హాజరు వేస్తారనీ మావాళ్లు జోకులేసుకునేవారు.

ఒకరోజు మెస్‌లో ఒకడు, "ఒరే ఆనందపురం, రేపు అరవయ్యొకటికి నువ్వు పలకరా సూద్దుము. పలికితే నువ్వు మా బేచీయే," అన్నాడు. ప్రాక్సీ చెప్పడం మా దగ్గర తప్పు కాదు, స్నేహం కింద జమ. నన్ను ఎవరైనా ఏదైనా అడగడమే అదే మొదలు. మర్నాడు మాస్టారు ఆ నంబరు పిలవగానే, మిషను చాటు నుంచి గొంతు మార్చి "ప్రెజెంట్ సార్!" అని అరిచాను. షాపు గొల్లుమంది. నా మూలంగా నలుగురు సంతోషంగా నవ్వుతున్నారని నా ఒళ్లు పొంగిపోయింది.

మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. అసలు మా వైపే చూడలేదు. తలెత్తి గుమ్మం వైపు చూశారు. చూసి, మెల్లిగా, "నోపలికి రా నాయినా," అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. ఆయన కళ్లద్దాలు చొక్కాకి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత, "మీ పని సూసుకోండి," అని స్టూలు మీద కూలబడ్డారు. ఆ మూడు గంటల క్లాసులో ఎవరి ముక్కా చూడలేదు. ఆ 'నోపలికి రా' నన్ను ఇప్పటికీ వదల్లేదు. స్నానం చేస్తుంటే వినబడుతుంది, అన్నం కలుపుకుంటుంటే వినబడుతుంది. ఎందుకు పలికాన్రా భగవంతుడా అనిపిస్తుంది.

నన్ను బేచీలో కలుపుకోవడం ఆ ఒక్కరోజుతో సరి. పది రోజులకి లెక్కల మిడ్ పరీక్ష మార్కులు క్లాసులో చదివారు. నాకు నాలుగు. మా నాన్న ఊళ్లో కనబడినవాడికల్లా "మావోడు ఇంజినీరు" అని చెప్పుకుంటున్న రోజులవి. ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లను? క్లాసుకీ వెళ్లలేకపోయాను. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ద్వారకా నగర్ పోయి, ఆర్టీసీ కాంప్లెక్సులో సాయంత్రందాకా బస్సుల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. మూడో రోజుకి తెగించాను. మా ఊరు వెళ్లని బస్సు ఏదో ఒకటి ఎక్కి, ఎవరికీ కనబడకుండా పోవాలి.

ఆ మధ్యాహ్నమే నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే షాపు మాస్టారు. ఖాకీ కాదు, తెల్లచొక్కా వేసుకున్నారు. అది చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఆయనా నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయారు.

"ఏటి, ఏ బస్సుకి?" అన్నారు.

"నానిక్కడున్నట్టు మీకెలా తెలుసు సార్?"

"ఎతుక్కుంటా వొచ్చేను. టేసను సూసేను, బీచీ సూసేను. తిన్నావా?"

లేదన్నాను. ఇడ్లీ పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను తింటుంటే, బస్సుల వైపే చూస్తూ చెప్పారు.

"శానా ఏళ్లకితం నా రిజిస్టర్లో అరవయ్యొకటో నంబరోడు ఒకడుండీవోడు. నీలాటి గుంటడే, నోట్లో మాట నేనోడు. రావడం మానీసేడు. నాను మూడు వారాలు ఆబ్సెంటు ఏసేను. ఎర్రసిరాతో, రోజు తప్పకుండా. ఆడికేటైందిరా అని ఒక్క పాలైనా ఎవల్నీ అడగనేదు. ఆళ్లమ్మ వొచ్చి నా కొడుకేడండీ అంటే, ఆ రిజిస్టరు తీసి సూపించేను."

"తర్వాత?"

"ఆళ్లమ్మ ఇంకా ఎతుకుతంది."

అప్పుడే చెప్పాల్సింది, ఆ రోజు పలికింది నేనేనని. చెప్పకుండా పొట్లం కాగితం మడత పెడుతూ కూర్చున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "సదువు నచ్చకపోతే మానీ. నాను ఆపను. కానీ ఎల్తన్నానని ఎవలికో ఒకలికి సెప్పి ఎల్లు. సెప్పకుండా పోతే ఎనకున్నోల్లు సచ్చిందాకా గుమ్మమే సూత్తారు," అన్నారు. ఆయన వెనకాలే సిటీ బస్సెక్కి హాస్టలుకి వచ్చేశాను.

ఆ తర్వాత రోజూ భోజనాల వేళ షాపులో కూర్చోబెట్టుకునేవారు. "ముందు సేతిలో ఉన్నదానికి పేరు సెప్పు, పెపంచం సంగతి తరవాత," అని ఒక్కో పనిముట్టు ఇంగ్లీషు పేరూ, దాని పనీ నా చేత గట్టిగా చెప్పించేవారు. ఆయన ఇంగ్లీషూ అంతంతమాత్రమే, తగువొస్తే ఇద్దరం డిక్షనరీ తీసేవాళ్లం. లెక్కల పేపరు రెండోసారికి గట్టెక్కాను. ఇవాళ పోర్టులో క్రేన్లు బాగుచేసే ఉద్యోగంలో ఉన్నానంటే ఆయన చలవే.

చెబుదామని ఎన్నిసార్లు వెళ్లానో! పాసైన రోజు వెళ్లాను. పెళ్లి శుభలేఖ పట్టుకుని వెళ్లాను. పోయిన దసరాకి వెళ్లి, "మాస్టారూ, ఒక మాట," అని అన్నాను కూడా. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగారు. ఆ మొహం చూసి, "ఆరోగ్యం జాగ్రత్త," అని లేచొచ్చేశాను. పిరికి వెధవని.

మాస్టారు పోయిన నాలుగో రోజున పాత విద్యార్థులం పదిమందిమి ఆయన ఇంటికి వెళ్లాం. మాస్టారి భార్య గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. అమ్మగారని పిలిచేవాళ్లం ఆమెని. వచ్చినవాళ్ల పేర్లు అడగడం లేదు, ఏ ఏడు బేచీ అని అడుగుతున్నారు. మాది చెప్పగానే తలెత్తారు.

"అయితే, అరవయ్యొకటి అంటే ఎవలో పలికింది మీ బేచీలోనేనా?"

మాలో ఒకడు అవునన్నట్టు తలూపాడు.

"ఎవలో అల్లరి గుంటడని ఆయనకి తెల్దా బాబూ, తెలుసు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి, 'ఇన్నాల్లకి పలికేడే' అన్నారు. తప్పిపోయినోడ్ని ఎతకడం ఎప్పుడో మానీసిన మనిసి, మల్లీ మొదలెట్టేరు. సెలవు పెట్టుకుని టేసనూ, బీచీ, కాంప్లెక్సూ తిరిగీవారు. ఓ సాయంత్రం వొచ్చి, 'ఆడు దొరకనేదే, ఇంకో గుంటడు దొరికేడు,' అని కడుపునిండా అన్నం తిన్నారు."

ఆ మధ్యాహ్నం ఆయన వెతుక్కుంటూ వచ్చింది నన్ను కాదు. పన్నెండేళ్లు నాకోసమే వచ్చారనుకుని బతికాను. ఆయన్ని ఆ ఎండలో ఊరంతా తిప్పింది నా పాడు కేక. నన్ను బతికించిందీ అదే. ఏడుపొచ్చింది, అది ఎవరి కోసమో నాకే తెలియలేదు.

"పలికినోడు ఎవలో మీకు తెలుసా బాబూ?" అన్నారు అమ్మగారు మళ్లీ.

నా రూమ్మేటు తల దించుకుని నేల చూస్తున్నాడు. నేను చెయ్యెత్తాను.

ఆమె ఆ చేతిని చాలాసేపు చూశారు. తర్వాత కొంచెం పక్కకి జరిగి, చాప మీద ఖాళీ అయిన చోటుని అరచేత్తో తుడవడం మొదలుపెట్టారు. నాకు అడుగు పడలేదు. ఆమె తుడుస్తూనే ఉన్నారు.