మస్కట్‌లో టేకుచెట్లు

మా ఇంట్లో పేర్లు ఆధార్ కార్డు కోసమే తప్ప మనుషుల కోసం కాదు. దీని మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. ఆ మధ్య చెప్పులు తెప్పించుకుంటే, పార్సిల్ తెచ్చినతను గేటు దగ్గర నిలబడి నా పేరు గట్టిగా చదివాడు. అరుగు మీద చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అవ్వ, "గా పేరుగల్లోళ్లు ఈడ లేరు బిడ్డా, పక్కవాడల అడుగు" అని పంపించేసింది. చెప్పులు వచ్చిన దారినే వెళ్లిపోయాయి. సాయంత్రం నిలదీస్తే, "నువ్వు పెద్దోనివి గదా, నీకు పేరేంది?" అన్నది. కరీంనగర్‌లో కాలేజీ పిల్లలను రోజూ పేరుపేరునా పిలిచి హాజరు వేసే నేను, బస్సు దిగి చొప్పదండిలో ఇంటి గడప దాటగానే పెద్దోణ్ణి అయిపోతాను.

అవ్వ, బాపు, పెద్దోడు, చిన్నోడు, పెద్దకోడలు, చిన్నకోడలు. మా కుటుంబం ఇంతే. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే మా నాన్న. పెద్దకోడలు నా భార్య. చిన్నకోడలు మా తమ్ముడి భార్య. తమ్ముడు మస్కట్‌లో ఉంటాడు. అంటే, నేను చెప్పబోయే రోజు మధ్యాహ్నం దాకా ఉండేవాడు.

మా బాపు తన జన్మలో ఒక్కరికే పేరు పెట్టాడు. మా పెద్దబాపు కొడుకు గల్ఫ్‌కు వెళ్లి, ఏడాది తిరగకుండా వెనక్కి వచ్చాడు. బస్సు దిగి సంచి భుజాన వేసుకొని వస్తుంటే బాపు ఎదురొచ్చి "ఏందిరో వాపస్!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. మొన్న ఆయన కూతురి పెళ్లిపత్రిక వస్తే మా అవ్వ "వాపసోళ్ల పిల్ల పెండ్లట" అన్నది. మా ఇంట్లో అరుదుగా పేర్లు పెడతారు కాని, పెడితే గట్టిగా పెడతారు.

ఇదే మర్యాద టీవీ సీరియల్‌కు కూడా దక్కింది. ఆ పాత్రలకు ఎవరో కష్టపడి నోరు తిరగని పేర్లు పెట్టారు. మా ఇంట్లో వాళ్లు కూడా అత్త, మామ, పెద్దకోడలు, చిన్నకోడలే. కథ ఏమిటంటే, కారు లోయలో పడి చచ్చిపోయాడని అందరూ అనుకుంటున్న చిన్నకొడుకు బతికే ఉన్నాడు. ఆ సంగతి ఆయన భార్యకు ఒక్కతికే తెలుసు. హాల్లో ఆయన ఫోటోకు దండ, వెనకింట్లో ఆయనకు వేడి అన్నం. ఎందుకు దాక్కున్నాడో మా ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తల ఊపాను.

అన్నాలయ్యాక మా ఇంట్లో కోర్టు మొదలయ్యేది. అవ్వ తీర్పు ఎప్పుడూ ఒకటే. "దాచుడంటే దొంగతనమే. కన్నతల్లి ఫోటో ముంగట ఏడుస్తుంటే చూసుకుంట నిలవడ్డది, అది ఆడిదేనా?"

మా ఆవిడకు చిన్నకోడలి మీద కంటే, ఈమధ్యే తలుపు చాటున ఆ గుట్టు విని, బయటపెట్టే సమయం కోసం ఎదురుచూస్తున్న సీరియల్ పెద్దకోడలి మీద కోపం. "దాచినామె బాధల దాచింది అత్తమ్మా. ఈమె అందరి ముంగట బయటపెడ్తనని దాచుకుంటుంది. ఎవలు పాపిష్టోళ్లు?"

మా మరదలు తీర్పు చెప్పేది కాదు. విస్తళ్లు తీసినట్టు మెల్లగా కంచాలు తీస్తూ, "మొగడు ఒట్టేయించుకుంటె ఆమె మాత్రం ఏం చేస్తది?" అనేది. నా వంతుగా నేను, ఆ ఇంటివాళ్లు తలుపులు వేసుకొని మాట్లాడుకుంటే సగం కష్టాలు తీరుతాయని చెప్పేవాణ్ణి. నా మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. బాపు సీరియల్ చూడడు. పేపరు అడ్డం పెట్టుకొని వింటాడు.

ఆ రోజు రెండో శనివారం, నాకు సెలవు. ముందురోజు సాయంత్రం సీరియల్‌లో గుట్టు రట్టయింది. సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలందరి ముందూ పెద్దకోడలు వెనకింటి తలుపు తెరిచింది. సుల్తానాబాద్‌లో సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందట. అక్కడ ఉండే మా చిన్నమ్మ, అంటే అవ్వ చెల్లెలు, కథ కనుక్కోవడానికి మధ్యాహ్నం ఫోన్ చేసింది. అవ్వ ఫోన్ చెవి దగ్గర పెట్టుకోదు. స్పీకర్ పెట్టి, అప్పడం పట్టుకున్నట్టు మూతి ముందు పట్టుకుంటుంది.

"ఏం చెప్పాలె చెల్లె! చిన్నకోడలు బండారం బయటవడ్డది. మొగడు ఏడున్నడో దానికి మొదటిసంది ఎర్కనే. ఇంటిల్లిపాదిని ఎర్రోళ్లను చేసి ఆడిచ్చింది."

మరదలు అప్పుడే ఛాయ్ పళ్లెంతో వంటింట్లోంచి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"అత్తమ్మా... మీకెవలు చెప్పిన్రు?"

అవ్వ అటు తిరగకుండానే, "ఎవలో చెప్పుడేంది? అందరం కండ్లార సూస్తిమి గదా!" అన్నది.

"అందరు సూసిన్రా? ఉట్నూర్‌కు వోయిన్రా?"

ఛాయ్ గ్లాసు అందుకుందామని నేను చెయ్యి చాపి ఉన్నాను. ఆ చెయ్యిని వెనక్కి తీసుకోవడం చాలాసేపు గుర్తు రాలేదు.

మరదలు పళ్లెం కింద పెట్టి, దాని పక్కనే కూలబడింది. "నేను చెప్తనే అన్న అత్తమ్మా. నేను తల్లిగారింటికి వోయినప్పుడు ఆయనే వచ్చి నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేయించుకున్నడు. ఆడ కంపెనీ మూతవడ్డది, అందర్ని ఇంటికి తోలిన్రు. వానకాలం మొదలైనకాడ్నించి ఉట్నూర్ల దోస్తు జీపు నడుపుతుండు. ఊళ్లెకు వస్తె మామ వాపస్ అంటడని..." అని ఆగి, కొంగుతో మొహం మూసుకుంది.

ఫోన్‌లోంచి చిన్నమ్మ గొంతు వచ్చింది. "అక్కా, సీరియల్ల ఉట్నూర్ ఏడికెళ్లి వచ్చిందే?"

అవ్వ ఫోన్ కట్ చేసింది. "ఉంట మరి" అనకుండా మా అవ్వ ఫోన్ పెట్టేయడం నేను అదే మొదటిసారి చూశాను.

ఉట్నూర్ మాకేమీ సముద్రాల అవతల కాదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందే దూరం. అంత దగ్గర నుంచి తమ్ముడు మాకు వారం వారం వీడియో కాల్ చేస్తూ వచ్చాడు. ఎప్పుడూ బండిలోంచే. కంపెనీ బండి అనేవాడు. ఒకసారి అద్దం మీద వాన పడుతుంటే, "మస్కట్ల గూడ వానలు వడ్తున్నయి, మంచిగైంది" అని అవ్వ సంతోషించింది. ఇంకోసారి వాడి వెనక పెద్ద పెద్ద ఆకుల చెట్లు కనిపించాయి. అక్కడ ఇప్పుడు చెట్లు పెంచుతున్నారని వాడు చెబితే, ఎడారి దేశాల పట్టుదల గురించి మా ఆవిడకు నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బాపు మాత్రం ఫోన్ తీసుకొని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. అవి ఉట్నూర్ అడవుల టేకుచెట్లు. పీజీ చదివినవాడికి అది తట్టడానికి ఆ రోజు దాకా పట్టింది.

మరదలి భయం వేరు. "ఒట్టు తప్పిన బావా. గిది తెలిస్తె నాకు ఫోన్ గూడ చెయ్యడు. ఇంకెటన్న దూరం పోతడు" అన్నది నాతో.

"అత్తమ్మ అన్నది సీరియల్ ముచ్చటనే పిచ్చిదానా!" అని మా ఆవిడ ఆమెను పట్టుకొని చెప్పింది. మరదలు ఏడుపు ఆపి మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. దొంగ తనంతట తాను పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లొంగిపోయాక, అసలు కేసే లేదని పోలీసులు చెబితే చూసే చూపు అది. సీరియల్లో గుట్టు బయటపడాలంటే తలుపు చాటున ఒక పాపిష్టి చెవి ఉండాలి. మా ఇంట్లో చెప్పినవాళ్లూ లేరు, విన్నవాళ్లూ లేరు. తప్పు సీరియల్ రాసినవాడిదేనని అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

ఇక అవ్వ తీర్పు కోసం చూశాం. దాచుడంటే దొంగతనమన్న మనిషి. కొంగు బిగించి ఆమె అన్న మాట: "మీ బాపుకు తెల్వద్దు."

తర్వాత కథ అంతా ఆమే అల్లింది. తమ్ముడు దసరాకు రావాలి. హైదరాబాద్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి రావాలి. చేతిలో తాళ్లు కట్టిన అట్టపెట్టె ఉండాలి. సబ్బులు, అత్తరు, చాక్లెట్లు కరీంనగర్‌లో నేను కొనిపెట్టాలి. "ఎండల తిరుగుమను, జర నల్లవడాలె" అని కూడా చెప్పింది. గంట కిందటి దాకా ఆ సీరియల్ చిన్నకోడలిని తిట్టిన మనిషి.

"మరి సీరియల్ల చిన్నకోడలు గిట్ల చేస్తె దొంగ అంటివి?" అన్నది మా ఆవిడ.

"సీరియల్ వేరు. మనది సంసారం" అన్నది అవ్వ.

సాయంత్రం బాపు గడ్డం గీయించుకొని వచ్చాడు. మంగలి షాపులో తను మస్కట్ ముచ్చట చెబితే ఎవరెవరు విన్నారో చెప్పాడు. అందరం శ్రద్ధగా విన్నాం. టీవీ పెట్టకపోతే అనుమానం వస్తుందని అవ్వే పెట్టింది. మరదలు గోడకు ఆనుకొని, తల వంచుకొని కూర్చుంది. బాపు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సీరియల్‌లో మామ అప్పటికి తీర్థయాత్రలో ఉన్నాడు. తిరిగొస్తున్నాడని కబురు వచ్చింది. ఇంట్లోవాళ్లంతా హాల్లో చేరి, చిన్నకొడుకు బతికున్న సంగతి ఆయనకు చెప్పకూడదని ఒకరి చేతిలో ఒకరు చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. దండ మళ్లీ ఫోటోకు వేశారు. మా ఇంట్లో ఎవరూ తీర్పు చెప్పలేదు.

బాపు పేపరు మడిచి ఒడిలో పెట్టుకున్నాడు. టీవీ వైపే చూస్తూ అన్నాడు.

"ఇంటోళ్లందరికి ఎర్కైనంక గా ముసలాయనకొక్కనికే దాచుడేంది? ఆయనకు కండ్లు లేవనుకున్నరా?"